చివరింటి చప్పుడు

తెల్లవారకముందే మెలకువ వచ్చినా రంగులక్క మంచం దిగలేదు. ఒళ్లు పక్క మీద ఉంది గానీ చెవి పెరట్లో ఉంది. పెరటి గోడవారన నిలబడ్డ ఇనుప గొట్టం, దాని మెడకు వేలాడే ఇత్తడి కుళాయి, కుళాయి కింద నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్న బకెట్టు. బయట మోటార్ల రొద మొదలైంది. ఒకటి జోరీగలా, ఒకటి జ్వరమొచ్చిన మనిషిలా, ఒకటి పళ్లు కొరుకుతున్నట్టు. వీధి మొత్తం నీళ్లు లాక్కుంటోంది. తన కుళాయి ఒక్కసారి గొంతు సవరించుకుని, కాస్త గాలి వదిలి, ఇక చెప్పాల్సిందేమీ లేదన్నట్టు ఊరుకుంది.

"వచ్చాయా?" అన్నాడు భర్త దుప్పట్లోంచి.

"వచ్చింది. గాలి."

"ఆ గాలిలోనే జాడించు నీ గుడ్డలు. ఆదివారం దాకా ఎలాగో లాగించెయ్యి."

ఆదివారం వాళ్లు ఇల్లు మారుతున్నారు. ఊరి అవతలి కొసన చెల్లెలి ఇంటి వెనక గది ఖాళీగా ఉంది, పక్కనే బావి ఉంది. మరిది వ్యాను మాట్లాడి పెట్టాడు. బట్టల కొట్లో గుడ్డ కొలిచే ఉద్యోగం చేసే భర్తకు ఎక్కడున్నా ఒకటే. కొంచెం ఎక్కువ దూరం సైకిలు తొక్కుతాడు, అంతే. ఆమె పని అలాంటిది కాదు. దుప్పట్లకూ, కిటికీ తెరలకూ, వెలిసిపోయిన పాత బట్టలకూ రంగు వేస్తుంది. వేడినీళ్లలో రంగు పట్టించడం సగం పనే. మిగతా సగమంతా జాడించడం. ఎరుపు ఎన్ని నీళ్లు పోసినా ఇంకా కావాలంటుంది. ట్యాంకరు నీళ్లు ఉప్పగా ఉండి నీలాన్ని మసిబార్చేస్తాయి. మసిబారిన తెర తెచ్చి మొహాన పడేసినవాళ్లకు ఆమె ఏం చెప్పగలదు? కుళాయి కథ చెబితే వింటారా?

ఆ వీధిలో నీళ్ల గొట్టం ఒక్కటే. మొదటింటి ముందున్న పెద్ద వాల్వు దగ్గర మొదలై, ఇంటింటికీ ఒక చెయ్యి చాపుకుంటూ వచ్చి, రంగులక్క పెరట్లో ఆగిపోతుంది. ఆమెది ఆఖరిల్లు. ఆ వెనక గోడ, గోడ వెనక రైలు పట్టాలు.

ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఈ వీధికొక పద్ధతి ఉండేది. వాల్వు తిప్పే ఇనుప కడ్డీని నీళ్ల ఆఫీసు వాళ్ల పంపాయన మొదటింట్లోనే పెట్టి పోయేవాడు. రోజూ తెల్లవారుజామున ఇంత దూరం వచ్చి తిప్పే ఓపిక ఆయనకు లేదు. ఆ ఇంటి వదిన తిప్పుతుందన్న నమ్మకం మాత్రం ఉంది. వదిన లేచి వాల్వు తిప్పేది. పైఇళ్ల వాళ్లు కుళాయిని సగమే విప్పేవాళ్లు. ఆఖరింట్లో బిందెలూ తొట్లూ నిండాక రంగులక్క గరిటె తీసుకుని గొట్టం మీద రెండు దెబ్బలు వేసేది. టంగ్, టంగ్. అది విని పక్కింటివాళ్లు తమ గొట్టం మీద కొట్టేవాళ్లు. అలా ఆ చప్పుడు ఇల్లిల్లూ దాటుకుంటూ వీధి మొదటికి చేరేది. చివరింటి చప్పుడు వినబడ్డాకే పైవాళ్లు కుళాయిలు పూర్తిగా విప్పుకునేవాళ్లు. ఎవరికి కావలసినన్ని వాళ్లు పట్టుకున్నాక వదిన వాల్వు కట్టేసి కడ్డీని తలుపు వెనక రెండు మేకుల మీద పెట్టేది.

ఇలా చెయ్యాలని ఎవరూ రాసి పెట్టలేదు. తప్పితే ఇంత అని జరిమానా లేదు. ఎవరింట్లోనైనా నిద్రమత్తులో కుళాయి నిండా విప్పేస్తే పక్కింటామె గోడ మీంచి, "ఏమమ్మా, ఏనుక్కి స్నానం చేయిస్తున్నావా?" అనేది. దాంతో సరిపోయేది.

పనులయ్యాక ఎండ ఎక్కకముందు రంగులక్క మొదటింటికి పోయేది. వాకిలి దాటి నేరుగా వంటింట్లోకి వెళ్లి తనే టీ పెట్టేది. వదిన ఏ వరసన వదినో ఇద్దరికీ తెలియదు. పిలవగా పిలవగా అయింది.

తరవాత ఎవరో ఆఫీసుకు వెళ్లి చెప్పారు. మొదటింటావిడ చుట్టాలు వచ్చినప్పుడల్లా వాల్వు ఎక్కువసేపు తిప్పుతోందనీ, కడ్డీ ఇంట్లో పెట్టుకుని వీధిని ఏలుతోందనీ. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియలేదు, అందువల్ల అందరి మీదా అనుమానం వచ్చింది. పంపాయన తలొంచుకుని వచ్చి కడ్డీ తీసుకుపోయాడు. అప్పటినుంచి ఆయనే ఏదో ఒక వేళకు వచ్చి తిప్పడం, ఏదో ఒక వేళకు కట్టెయ్యడం. ఎంతసేపు వస్తాయో తెలియక ఒకరు మోటారు కొన్నారు. వాళ్లు కొన్నారని పక్కవాళ్లు కొన్నారు. ఆఖరికి రంగులక్క భర్త కూడా ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని రంగు తొట్టి వెనక దాచారు. ఆఖరింటి మోటారు గాలిని తప్ప దేన్ని లాగుతుంది?

వదిన తలుపు మూసుకోవడం మొదలుపెట్టింది. పోట్లాట ఏమీ జరగలేదు. జరిగి ఉంటే రాజీ అన్నా ఉండేది. 'ఆ చెప్పింది నేను కాదు వదినా' అని ఒక్కసారి అనేసి ఉంటే పోయేదని రంగులక్కకు చాలాసార్లు అనిపించింది. ఎవరూ అడగనిదానికి తనంతట తాను వెళ్లి చెబితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందేమోనని ఊరుకుంది. ఊరుకున్నకొద్దీ ఆ మాట గొంతులో గట్టిపడిపోయింది.

వీధి కూడా అలాగే తయారైంది. మూల మీద దీపం ఆరిపోతే చెప్పేవాళ్లు లేరు. 'మనకెందుకు, వాళ్లింటి ముందేగా' అనుకున్నారు. కాలవ పూడిపోతే తలోమాటా అన్నారు గానీ పార ఎవరూ పట్టలేదు. ఓటు వెయ్యడానికి కూడా పక్కవాడు వెళ్లాడో లేదో చూసుకుని కదిలేవాళ్లు.

పోయిన నెల నీళ్ల ఆఫీసు నుంచి కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నది, భుజాన సంచి, బూట్ల నిండా బురద. బడి వరండాలో వీధివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది.

"మావైపు నుంచి నీళ్లు సరిపడా వదులుతున్నామండీ. మీరంతా ఒక్కసారి మోటార్లు ఆపేస్తే ఆఖరింటికీ వస్తాయి. అప్పటికీ రాకపోతే కొత్త లైను కోసం నేనే రాస్తాను."

"మీరు రాస్తారు తల్లీ. చదివేవాళ్లుండాలిగా పైన," అన్నాడు కండక్టరు బాబాయి. బస్సు దిగి ఏళ్లయినా ఆయన గొంతు వెనక సీటుదాకా వినబడుతుంది.

"ముందు పక్క వీధివాళ్లని ఆపమనండి," అన్నాడు దర్జీ. "మేం ఆపితే మా వాటా కూడా వాళ్లే తాగేస్తారు. అయినా నేను ఆపుతాను, ఈ బాబాయి ఆపుతాడని ఏంటి నమ్మకం?"

"నా దగ్గర మోటారే లేదు, ఏం ఆపనయ్యా?"

"లేదా? మరి తెల్లారగట్ల మీ పెరట్లో మూలిగేదెవరు, పిన్నిగారా?"

అందరూ నవ్వారు. ఇంజనీరమ్మ నవ్వలేదు. "సరే, మోటారున్నవాళ్లు చెయ్యెత్తండి. ఫైనేం వెయ్యను, మాటిస్తున్నాను," అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒళ్లో పెట్టుకున్న రంగులక్క చెయ్యి రాయిలా బరువెక్కింది. అవతలి బల్ల మీద వదిన గోళ్లు చూసుకుంటోంది.

"అయితే ఈ వీధిలో మోటారే లేదన్నమాట," అంటూ ఆ పిల్ల సంచి భుజానికి తగిలించుకుంది. "అదే నమ్మి వెళ్లిపొమ్మంటారు."

"మేం మీ ఆఫీసుని నమ్మట్లా? అలాగే," అన్నారెవరో వెనకనుంచి.

ఆ మాట ఆమెకు తగిలినట్టుంది. మర్నాడే తనిఖీకి మనుషులను పంపింది. వాళ్లు వీధి మలుపు తిరిగేలోపే కబురు అందింది. కండక్టరు పిన్ని మోటారు మీద బొంత కప్పి దాని మీద కూర్చుంది. "కీళ్లు పట్టేశాయి నాయనా, లేవలేను. మీరే వెతుక్కోండి," అంది. వాళ్లు వెళ్లిపోయాక మాత్రం ఎవరూ చెయ్యి అందించకుండానే ఎగిరి లేచింది. అప్పటిదాకా తిరిగిన మోటారు, పెనంలా కాలుతోందట. వీధి చాలా రోజులు నవ్వుకుంది. నీళ్లు మాత్రం రాలేదు.

శనివారం సాయంత్రం రంగులక్క మొదటింటికి వెళ్లింది. వెళ్లి చెప్పిరాకపోతే బాగుండదని భర్తతో అంది. నిజానికి ఆ వంటింటిని ఇంకోసారి చూడాలనిపించింది.

వదిన వరండాలో చిక్కుళ్లు వలుస్తోంది. "రా. కూర్చో," అంది. 'రావే' అనలేదు.

"రేపేనటగా."

"రేపే. పొద్దున్నే వ్యాను వస్తుంది."

"అక్కడ బావి ఉందట."

"ఉందట."

"ఆ నీళ్లకి రంగు పడుతుందా? నీలం అసలే పేచీ కదా నీకు."

"చూడాలి వదినా."

వదిన ఒక కాయ వలిచింది, ఇంకో కాయ వలిచింది. "టీ తాగుతావా?" అని అడిగింది. చుట్టాన్ని అడిగినట్టు అడిగింది. రంగులక్క వద్దని తలూపింది. తెరిచిన తలుపు వెనక గోడకు ఆ రెండు మేకులూ అలాగే ఉన్నాయి. వాటి మధ్య సున్నం మీద కడ్డీ పడుకున్నంత మేర నల్లటి చార మిగిలింది. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుంది. నోరు తెరిచి, "వస్తాను మరి," అంది.

"వెళ్లిరా," అంది వదిన. రంగులక్క మెట్లు దిగేటప్పుడు వెనకనుంచి గింజలు నేల మీద దొర్లిన చప్పుడైంది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆదివారం మోటార్ల రొదతోనే తెల్లారింది. భర్త అన్నిటికన్నా ముందు తన మోటారును ఊడదీసి మూట కట్టాడు. ఇప్పుడు ముందు వరండాలో రంగు తొట్లను ఒకదాంట్లో ఒకటి పెట్టి తాడుతో బిగిస్తున్నాడు. బకెట్టు తేవడానికి ఆమె పెరట్లోకి వెళ్లింది.

మోటారు తీసేసరికి గొట్టం బోసిగా కనబడింది. కుళాయికి జానెడు పైన ఒకచోట ఇనుము సొట్టబడి, వేలి మొన పట్టేంత నున్నగా ఉంది. ఎన్ని ఉదయాలు ఆమె గరిటె అక్కడే పడిందో. వేలు పెట్టి చూసింది. చల్లగా ఉంది. పక్కనే మూటలోంచి పాత ఇత్తడి గరిటె కాడ బయటకి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని లాగింది.

ఎవరికోసమూ కాదు. నీళ్లు లేవు, బకెట్టు అడుగున దుమ్ము. ఇంకాసేపట్లో ఈ పెరడు తనది కాదు. ఒక్కసారి వినాలనిపించింది, అంతే. కొట్టింది. టంగ్, టంగ్.

మోటార్ల రొదలో అది పోయిందనుకుంది. గరిటె మళ్లీ మూటలో దోపుతుండగా పక్క పెరట్లోంచి వినబడింది. టంగ్, టంగ్. అక్కడ వడ్రంగి భార్య ఉంటుంది, ఈ వీధి పిల్లే, ఈ చప్పుడు వింటూ పెరిగింది. ఆ తరవాత దర్జీ గొట్టం మీద. ఆ పైన ఇంకొకటి, కొంచెం తడబడుతూ. ఆ పైన ఇంకా సన్నగా, దూరంగా. రంగులక్క కదల్లేదు. మొదటింటిదాకా వెళ్లిందో లేదో వినడానికి ఊపిరి కూడా బిగబట్టింది.

ముందు జోరీగ ఆగింది. కాసేపటికి పళ్లు కొరికేది ఆగింది. రొదలోంచి ఒక్కో గొంతూ తప్పుకుంటూ, తప్పుకుంటూ, చివరికి ఆ మూలిగేది కూడా ఒక్కసారి గట్టిగా మూలిగి ఊరుకుంది. వీధి మీద పిచ్చుకలున్న సంగతి అప్పుడు తెలిసింది.

కుళాయి గొంతు సవరించుకుంది. గాలి వదిలింది. తుప్పునీళ్లు తుపుక్కున ఉమ్మింది. ఆ తరవాత దారమంత నీటి ధార బకెట్టులోకి దిగి, అడుగున ఉన్న దుమ్మును చుట్టూ తరిమింది.

భర్త తాడు చేత్తోనే పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "వచ్చాయా?"

"వచ్చాయి," అంది. వెక్కిరింపు కోసం ఎదురుచూసింది. అతను వంగి బకెట్టులోకి చూశాడు.

గోడ మీంచి వడ్రంగి భార్య తల కనబడింది. "అక్కా, అప్పుడే నిండిపోయాయా? చప్పుడు వినగానే చెయ్యి దానంతటదే కొట్టేసింది. కొట్టాక ఆలోచన వచ్చింది. ఆఖరింటికి నీళ్లు చేరాయంటే ఎవరూ మోటారు వెయ్యలేదన్నమాటేగా. మా మోటారు రొదలో ఇంకెవరి మోటారూ వినబడదుగా, మేమొక్కళ్లమే దొంగల్లా లాగుతున్నామా అని సిగ్గేసి ఆపేశాను. ఎవరికీ చెప్పకు."

ఆమె వెనకే దర్జీ గొంతు, అచ్చం అదే మాట. ఇంకాసేపట్లో సగం వీధి రంగులక్క వాకిట్లో ఉంది. ప్రతివాళ్లూ తామొక్కళ్లమే అనుకుని ఆపారు. ప్రతివాళ్లూ మిగతావాళ్ల మర్యాద చూసి సిగ్గుపడ్డారు.

వదిన కూడా వచ్చింది. జుట్టు ముడి వేసుకోకుండా, చెప్పులైనా లేకుండా, వీధి పొడుగునా నడిచి వచ్చింది. జనం తప్పుకున్నారు. నేరుగా పెరట్లోకి వెళ్లి బకెట్టులోకి తొంగిచూసింది. చారెడు నీళ్లున్నాయి.

"ఇది నిండడమా?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. ఇప్పుడే ఎత్తి పోశానంటే చాలు, రేపు కూడా అందరూ మోటార్లు ఆపుతారు. ఆ మాట రంగులక్క నోటిదాకా వచ్చింది.

"లేదు వదినా. కొట్టేటప్పటికి చుక్క కూడా రాలేదు. పోతున్నాను కదా అని ఊరికే కొట్టాను."



"అంటే, మమ్మల్ని మోసం చేసినట్టేగా," అన్నాడు కండక్టరు బాబాయి. "నేను అనవసరంగా ఆపేశాను."

"మోటారే లేదన్నావు, దేన్ని ఆపావు బాబాయ్?" అన్నాడు దర్జీ.

నవ్వు ముందు పిన్నికే వచ్చింది. నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడి, "ఇక దాని మీద కూర్చోవడం నావల్ల కాదయ్యా," అంది. బాబాయి అటూ ఇటూ చూసి తనూ నవ్వేశాడు.

వదిన నవ్వలేదు. ఆమె చెయ్యి ధార కింద ఉంది. "నువ్వు కొట్టగానే ఏమైందో తెలుసటే?" అంది మెల్లగా. "లేచి తలుపు వెనక్కి పోయాను, కడ్డీ కోసం. మేకులు గుచ్చుకున్నాయి."

"ఆఫీసులో చెప్పింది నేను కాదు వదినా."

"తెలుసు. ఎవరో తెలీదు గానీ నువ్వు కాదని తెలుసు."

"మరి ఇన్నేళ్లూ ఆ మాట అనొచ్చుగా."

"నువ్వు అడగొచ్చుగా."

ఇద్దరూ బకెట్టువైపే చూశారు. ఎన్ని టీలు తాగకుండా పోయాయో అన్నదొకటే రంగులక్క మనసులో మెదిలింది. ఆ ఉదయాలను ఏ కుళాయి తిరిగి పొయ్యగలదు?

వ్యాను వచ్చి హారను కొట్టింది. భర్త తొట్లవైపు చూశాడు, ధారవైపు చూశాడు. "ఒక్కరోజు నీళ్లు చూసి సామాను దింపమంటావా?"

"ఈ వారం ఆగుదాం."

"రేపు ఎవడో ఒకడు మోటారు వేస్తాడు."

"వేస్తే కొడతాను. వినబడుతుందిగా."

అతను మోటారు మూట ఎత్తి వ్యానులో పెట్టి, "ఇదొక్కటీ తీసుకెళ్లి మా మరదలికివ్వు. బావిలో వేసుకుంటుంది," అని డ్రైవరుకి చెప్పాడు. తిరిగొచ్చి తాను బిగించిన ముడినే తిట్టుకుంటూ విప్పడం మొదలుపెట్టాడు.

అతను అన్నట్టే ఆ వారంలోనే ఒక మోటారు మూలిగింది. రంగులక్క గరిటె అందుకునేలోపే పైనెక్కడో గొట్టం మోగింది. తరవాత ఇంకోచోట, ఇంకోచోట. దొంగను తరిమినట్టు వీధంతా మోగేసరికి ఆ మోటారు సగం మూలుగులో నోరు మూసుకుంది. ఎవరిదని ఎవరూ అడగలేదు. బాబాయి మాత్రం ఆ పూటంతా బయటికి రాలేదు.

వదిన ఆఫీసుకు వెళ్లి ఇంజనీరమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల రంగులక్క పెరట్లో నిలబడి ధారవైపు చాలాసేపు చూసింది.

"సన్నగానే వస్తోంది," అంది.

"వస్తోందిగా," అంది వదిన. "మీరేగా వస్తుందన్నారు."

"అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం లేదండీ. మీరెలాగూ ఆపరన్న ధీమాతో అన్నాను."

వదిన ఆమెవైపు ఎగాదిగా చూసి, "టీ తాగి పో," అంది.

మర్నాడు పంపాయన వాల్వు కట్టేసి, కడ్డీని మొదటింటి గోడకు ఆనించి సైకిలెక్కి వెళ్లిపోయాడు. మరిచిపోయాడో, మరిచిపొమ్మని ఎవరైనా చెప్పారో తెలియదు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. చీకటి పడబోతుంటే వదిన దాన్ని లోపలికి తీసుకుపోయింది.

ఆ తరవాతి తెల్లవారుజామున రంగులక్క కుళాయి దగ్గర కూర్చుంది. ధార అంతే సన్నం. కొత్త లైను వస్తుందో రాదో, ఆఫీసువాళ్లు ఇంకాసేపు వదులుతారో లేదో. పక్కన రంగు తొట్టిలో నీలం తెర జాడింపు కోసం ఎదురుచూస్తోంది. బిందె నిండింది, బకెట్టు నిండింది, తొట్టి అంచుదాకా వచ్చింది. ఆమె గరిటె ఎత్తింది గానీ వెంటనే కొట్టలేదు. గొట్టానికి చెవి ఆనించింది. పైన ఇంటింటా సగం విప్పిన కుళాయిలు, వాటి పక్కన నిద్రకళ్లతో మనుషులు. అందరూ తన కోసం ఆగి ఉన్నారు. ఆ నిశ్శబ్దాన్ని ఇంకొక్క క్షణం విని, అంతకన్నా ఆపడం తప్పని, రెండు దెబ్బలు వేసింది.